సర్వజ్ఞుడి టచ్‌స్క్రీన్

వ్యానులో పెట్టే స్టీరియో ఎంచుకోవడానికి సర్వజ్ఞుడు తిరగని షాపు లేదు. వీధివాళ్లు అతనికి ఆ పేరు చాటుగా పెట్టారు. ముఖం మీదే పిలిచినా మెచ్చుకోలే అనుకునేవాడు.

ఏడంగుళాల టచ్‌స్క్రీన్ పిల్లలాట అన్నాడు. మీటలున్నది ముసలివాళ్ల సరుకన్నాడు. అమ్మేవాళ్లంతా దద్దమ్మలని తేల్చి, చివరికి పదంగుళాలది చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఫిట్టర్ని పిలవకూడదా?" అంది భార్య.

"నాలుగు వైర్లు కలపడానికి వాడెందుకు? రేపు సాయంత్రానికి పాట వినిపించకపోతే ఈ జన్మలో స్క్రూడ్రైవరు ముట్టుకోను. నీ తమ్ముడి దగ్గర శిష్యరికం చేస్తాను, సరేనా!"

ఇంతకంటే ఘోరమైన శిక్ష అతనికి తోచలేదు. బావమరిదంటే అతనికి అంత గౌరవం.

ఆ బావమరిదే ఆ రోజు సామాను తరలించుకోవాలని వ్యాను పట్టుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే తెచ్చి పెట్టకపోతే ఊరుకోనని సర్వజ్ఞుడు మరీ మరీ చెప్పాడు. తెల్లారి లేచి చూసేసరికి ఇంటి ముందు తెల్ల వ్యాను నిలబడి ఉంది.

తలుపుకి తాళం వెయ్యలేదు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. కిందంతా సిగరెట్ పీకలు.

"ఓహో, దొరగారు ఇది కూడా మొదలెట్టారన్నమాట!" అని పళ్లు కొరికాడు.

తన దగ్గరున్న మారు తాళంచెవి పెడితే సగం తిరిగి మొరాయించింది. ఒక్కరోజు చేతికిస్తే చాలు, ఏ వస్తువునైనా గుల్ల చేస్తాడు వెధవ. తిట్టుకుంటూ అటూ ఇటూ ఆడిస్తే ఎలాగో తిరిగింది.

పాత రేడియో పీకాడు. కొత్త తెర ఆ కంతలో పట్టలేదు. తప్పు తెరది కాదు, వ్యాను తయారుచేసిన బుర్రలేనివాళ్లది. చిన్న రంపం తెచ్చి డ్యాష్‌బోర్డు కోసి పారేశాడు.

ఫోనులో వీడియో పెట్టుకుని వైర్లు చూశాడు. పసుపు ఉండాల్సిన చోట నీలం ఉంది. వీడియో తీసినవాడికి రంగులు కూడా తెలియవని జాలిపడ్డాడు.

వీడియో మధ్యలో బావమరిది ఫోను. కట్ చేశాడు. మళ్లీ మోగింది. సిగరెట్లకు సంజాయిషీ కాబోలని మళ్లీ కట్ చేశాడు. మూడోసారి ఎత్తి, "నీ ముఖం చూడక్కర్లేదు, పని చెడగొట్టకు!" అని అరిచి పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా తెర వెలిగింది. వేలు తాకగానే పాట అందుకుంది. వీధి అదిరిపోయింది. ఎదురింటివాళ్లు బాల్కనీలోకి వచ్చారు, భార్య గుమ్మంలోకి వచ్చింది. సర్వజ్ఞుడికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

"చూశావా? ఇప్పుడు పిలువు నీ ఫిట్టర్ని. చూసి నేర్చుకుంటాడు."

"బాగుందండీ," అంది ఆమె. మొదటిసారి మనస్ఫూర్తిగానే అంది.

"నీ తమ్ముడు ఏడు జన్మలెత్తినా ఇలా బిగించగలడా? వాడికి బండి నిలపడమే సరిగ్గా రాదు. చూడు, గేటుకి అడ్డంగా ఎలా పెట్టాడో!"

అంతలో వెనక హారన్ మోగింది, అచ్చం అలాంటి తెల్ల వ్యానులోంచే బావమరిది తల బయటపెట్టి అరిచాడు: "బావా, ఆ వ్యానెవరిదో గానీ కాస్త పక్కకి తీయించు, మనది పెట్టాలి!"