దాచని వీపు

"ఆ టీ షర్టు తొడుక్కోవే దేవీ," అన్నాడు కోచ్ తిరుమలరావు, పళ్లు బిగించి.

"తొడుక్కోను సార్."

విజయనగరంలో ఆ రోజు వెయిట్ లిఫ్టింగ్ రాష్ట్ర జట్టుకు ఎంపికలు. పేర్లు రాసుకునే బల్ల ముందు అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. అందరూ పోటీ దుస్తుల మీద టీ షర్టు వేసుకున్నారు. పాతపట్నం నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల దేవి ఒక్కతే తీసేసి చేతికి చుట్టుకుంది. ఆమె రెండు భుజాల మీదా, మెడ కింద నుంచి సగం వీపు దాకా ఎర్రగా ఉబ్బిన మొటిమలు. కొన్ని చితికి నల్లటి మచ్చలు పడ్డాయి.

"జనం సూస్తన్నారే."

"సూడనీండి. నానేటి దొంగతనం సేసినానా?"

వెనక నిలబడ్డ ఇద్దరమ్మాయిలు కిసుక్కున నవ్వారు. "తానం సెయ్యదేటి ఇది?" అంది ఒకతె.

దేవి గిర్రున తిరిగింది.

"రోజుకి రెండు పూటలా సేస్తాను. ప్రాక్టీసయ్యాక ఇంకోసారి. ఇవి మురికికి రావు. ఒంట్లో ఊరిన నూనె సర్మం కింద అడ్డం పడితే వస్తాయి. సెమటకి, బిగుతు బట్టలకి, భుజం మీద బరువుల కడ్డీ రాపిడికి ఇంకా రేగుతాయి. సర్మం డాక్టరమ్మ సెప్పింది. ఇంకేటైనా అడగాలా?"

ఆ అమ్మాయి తల దించుకుంది.

దేవి వంతు వచ్చింది. బల్ల వెనక ఎంపిక కమిటీ మెంబరు పద్మకుమారి కూర్చుని ఉంది. ఒకప్పుడు తనూ బరువులెత్తిన మనిషి. దేవి భుజాల వైపు చూసి కళ్లజోడు సర్దుకుంది.

"అటు తిరగమ్మా. ఎన్నాళ్ల నుంచి ఇవి?"

"ఆరు నెలలండి."

"ముఖం మీద ఒక్కటీ లేదే! మందు వాడుతున్నావా?"

"వాడతన్నానండి. మొదట్లో మా మామ్మ సున్నిపిండి పెట్టి పీసుతో రుద్దీసింది. ఇంకా రేగిపోయినాయి. శీకాకుళంలో డాక్టరమ్మ కేకలేసింది. రుద్దొద్దు, గిల్లొద్దు, సెమట బట్టలతో కూకోవద్దు అంది. తానం సేసేటప్పుడు రాసి, రెండు నిమిషాలుంచి కడుక్కోమని ఒక మందిచ్చింది. వారానికీ పది రోజులకీ తగ్గవు, మూడు నెలలు ఓపిక పట్టమంది."

"పట్టావా?"

"పట్టినానండి. తగ్గలేదు."

పద్మకుమారి బల్ల మీదికి వంగింది. గొంతు తగ్గించింది.

"చూడమ్మా, మొటిమలు అందరికీ వస్తాయి. కానీ ఉన్నట్టుండి భుజాల మీదా వీపు మీదా ఇంత గట్టిగా వస్తే, బలానికి మందులు వాడుతున్నారేమో అనుకుంటారు. నేను అనుమానం రాశానంటే నీకే నష్టం. ఒంట్లో బాగాలేదని ఒక కాగితం రాసిచ్చి వెళ్లిపో. వచ్చే ఏడాది చూద్దాం."

"నానెల్లను."

ఆ మాటకు వరసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు.

"అనుమానం రాయండి మేడమ్," అంది దేవి ఇంకా గట్టిగా. "మందుల పరీక్ష సేసేవాళ్లు వచ్చే ఉన్నారు కదా, సేయించండి. అందరి ముందరా నానే అడుగుతన్నాను."

పద్మకుమారి ఆమె ముఖంలోకి చూసింది. ఆ పిల్ల రెప్ప వెయ్యలేదు. "సరే, ఉండు. కాగితాలు తెస్తాను," అని లోపలికి వెళ్లింది.

తిరుమలరావు దేవిని రెక్క పట్టుకుని మెట్ల పక్కకు లాక్కెళ్లాడు. అతని చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"ఎందుకే ఈ పంతం? సంచీ తీసుకో. బస్సుకి ఎల్లిపోదాం."

"మీకెందుకు సార్ అంత బయం? నాను ఏ సూదీ ఏయించుకోలేదు."

"నా మాట ఇనవే. మన ప్రాక్టీసు షెడ్డులో నీ ఎనకాల పదకొండు మంది పిల్లలున్నారు. ఇక్కడ గొడవైతే ఆళ్ల గతేటి? ఆళ్ల గురించైనా ఆలోచించు."

"ఆళ్ల గురించే ఆలోసిస్తన్నాను సార్. ఆళ్లలో దుర్గకి పదమూడేళ్లు. మొన్నటి నుంచి దానికీ భుజాల మీద మొదలైనాయి."

తిరుమలరావు ఆమె రెక్క వదిలేశాడు.

ఇంతలో పద్మకుమారి వచ్చింది. వెంట పరీక్ష బృందంలోని ఒకావిడ, చేతిలో మూత్ర పరీక్షకు సీలు వేసిన సీసా. "ఇక్కడ సంతకం పెట్టమ్మా," అంది పద్మకుమారి. "తేడా వచ్చిందంటే ఏళ్ల తరబడి కడ్డీ ముట్టుకోనివ్వరు. ఇప్పటికైనా మించిపోలేదు, ఆలోచించుకో."

దేవి నిలబడే సంతకం పెట్టింది. సీసా అందుకుంది. రెండడుగులు వేసేసరికి తిరుమలరావు అడ్డం వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. 

"వద్దే తల్లీ," అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. "నీకు తెల్దు. దొరికిపోతావు. పాలల్లో కలుపుకోమని రోజూ నేనిచ్చే పొడి... అది మామూలు పొడి కాదే."

దేవి అతని వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

"తెలుసు సార్. డాక్టరమ్మ పది రోజుల కిందటే ఆ పొడి మీద అనుమానపడింది. అందుకే, పరీక్షలో తప్పకుండా దొరకాలని ఇయ్యాల పొద్దున్న రెండు సెంచాలు ఎక్కువేసుకుని తాగొచ్చినాను."