నాలుగు వేళ్ల గుడ్డ

"తగ్గడానికి టైం పడుతుందంట," అంది ఆమె, డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి.

భర్త బెంచీ మీద కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఉన్నాడు. ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. "అంతేగా," అన్నాడు. ఇంకేం అడగలేదు.

అడగనందుకు ఆమెకు ఊరటగానే ఉంది. ఒళ్లు మండుతూనూ ఉంది.

లోపల డాక్టరు చెప్పింది వేరు. మందులు ఇక పనిచేయడం లేదన్నాడు. అంటే నెమ్మదిగా తగ్గుతుందా అని అడిగింది. "తగ్గదమ్మా," అన్నాడాయన. "నొప్పి లేకుండా చూడగలం. వచ్చే ఏడాది మీద మాత్రం ఆశ పెట్టుకోకండి." ఆ మాట బుర్రకెక్కడానికి ఆమె మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చింది. ఇక మొగుడికేం చెబుతుంది? ఆ మనిషికి లోకమంతా నవ్వులాటే.

అతను టైలరు. బజారులో అందరూ 'వదులు టైలర్' అని ఏడిపిస్తారు. పిల్లలకు ఏ బట్ట కుట్టినా కింది అంచులో నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి వదులుతాడు. పిల్లలు పొడుగయ్యేకొద్దీ విప్పుకోవచ్చు. కూతురి పాత యూనిఫాం గౌను వెలిసిపోయినా, అలా విప్పిన చోట్ల చారలు ఇంకా ముదురు రంగులోనే ఉన్నాయి.

బడి తెరిచే రోజులొచ్చాయి. తనూ వెళతానని, కొత్త గౌను కావాలని కూతురు మారాం చేసింది. అతను టేపు తీసి నడుము కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "మీ అమ్మ వంట రోజురోజుకీ దిగజారిపోతోందే," అన్నాడు. కూతురు పకపకా నవ్వింది. ఆమె వంటింట్లోకి వెళ్లి, ఏడుపు వినబడకుండా కుళాయి తిప్పింది.

గౌను తయారైంది. కూతురు వేసుకుని అద్దంలో చూసుకుంది.

"ఎన్ని వేళ్లు వదిలావు నాన్నా?"

"ఈసారి ఆరు. కాలేజీకి కూడా ఇదే వేసుకుపోదువుగాని."

ఆమె గుమ్మంలోంచి వింది. కన్నబిడ్డ కళ్లముందే చిక్కి సగమవుతుంటే ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. ఈ బరువంతా తనొక్కతే మోయాలా? ఇవాళ చెప్పేస్తుంది. ఆ నవ్వు మొహం మాడిపోయేలా, డాక్టరు అన్నది అన్నట్టు చెప్పేస్తుంది.

కూతురు గౌను విప్పేసి పడుకుంది. "మీతో మాట్లాడాలి," అంది ఆమె. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ముందు గౌను తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పరిచింది.

"నేను చేస్తాలే, ఇటివ్వు," అంటూ అతను గబుక్కున చెయ్యి చాచాడు.

ఆ చేతిని విసురుగా తోసేసి, కింది మడత నొక్కుదామని గౌను తిరగేసింది.

లోపల వేలెడు గుడ్డ కూడా వదల్లేదు.