ఎర్రగాలి రోజున అర్చన

గుడి గోడమీద గాలిమీటరు ఎర్రగా వెలుగుతోంది. అలాంటి రోజుల్లో గాలిలోని పొగ తలకెక్కి అందరికీ మతిమరుపే. వరుసలో చాలామందికి గోత్రం గుర్తురాక, పూజారిగారు వాళ్లందరినీ కాశ్యప గోత్రంలోనే కలిపేస్తున్నారు.

నా వంతు వచ్చింది. కౌండిన్య గోత్రమని గట్టిగా చెప్పాను. నా పేరూ, భార్య సువర్చల పేరూ చెప్పాను. మా ఆరేళ్ల కూతురి పుట్టినరోజు అర్చన అది. పాప పేరే నోటికి రాలేదు.

సువర్చల అందించబోయింది. పాప తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెప్పకమ్మా!"

"పాప అనేద్దాం లెండి, స్వామికి తెలుసు" అన్నారు పూజారిగారు.

"స్వామికి తెలిస్తే సరిపోతుందా? నాన్నకి తెలియాలి" అంది పాప.

"కానివ్వండి బాబూ, ఇక్కడే నిలబడితే మా పేర్లూ పోతాయి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నేను దణ్ణం పెట్టడం మాని, పాప ముఖంలోనే దాని పేరు వెతుకుతూ నిలబడ్డాను.