చంద్రుని తరఫు సాక్షి

మగ్గాల కార్ఖానాల్లో పనికి వలస వచ్చిన తెలుగువాళ్ల బస్తీ డిండోలిలోని పద్మశాలి సంఘంలో ఆ సాయంత్రం లక్ష్మీరాజం ఉపన్యాసం. సముద్రానికి పోటునూ ఓషధులకు రసాన్నీ ప్రసాదించే చంద్రుడే స్త్రీల నెలసరినీ నడుపుతాడన్నది ఆయన సిద్ధాంతం. అందుకు ఆయన చూపదలచిన ఏకైక ప్రత్యక్ష ప్రమాణం భార్య బాలవ్వ.

“ముప్పయ్యేండ్లు ఒక్క అమాస తప్పకుంట దూరం కూసున్నవ్. మూడొద్దులు నేనే వండిన. స్టేజీ ఎక్కి గీ ఒక్క మాట చెప్పు. లేకుంటే సదువుకున్న పోరగాండ్లు నన్ను నవ్వులపాలు చేస్తరు,” అన్నాడు.

బాలవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, “అబద్ధం చెప్పుమంటవా?” అంది.

“అబద్ధమేందే?”

“అమాసకు కార్ఖానా బందు. నీ భజనోళ్లు ఇరవై మంది పొద్దుగాల్నే తిండికి దిగుతుండె. గంతమందికి రొట్టెలు చేసుడు నాతోని గాక దూరం కూసున్న.”

లక్ష్మీరాజం చేతిలోని ప్రసంగపత్రం మళ్లీ చూసుకున్నాడు. చంద్రుడూ సముద్రమూ ఓషధులూ యథాస్థానంలోనే ఉన్నాయి, ప్రమాణమొక్కటే జారిపోయింది.

“మరి అసలు దినాలు ఎప్పుడొస్తుండె?” అని అడిగాడు.

“ఒక్కో నెల ఒక్కో తీరు. ఆ దినాల పొయ్యికాడనే ఉన్న. నేను వండింది నువ్వు దేవునికి నైవేద్యం పెట్టి, నువ్వు తిని, ‘అమృతమే బాలవ్వా’ అనుకుంట మల్లోసారి పెట్టుమన్నవ్.”

ఆమె చేతులు దులుపుకొని లేచింది.

“నడువు, టైమైతున్నది. స్టేజీ ఎక్కియ్యి నన్ను.”