యాదయ్య టైమింగు

ట్రాక్టరు ఫట్‌మని మంట కక్కింది.

మహిపాల్ వెనక్కి దూకాడు. కుడివైపు మీసం కమురు వాసన వేస్తోంది.

"దీని పాడుగాను!" అంటూ ఇంజను తిప్పే హ్యాండిల్‌ను నేలకేసి కొట్టాడు. అది ఎగిరి వచ్చి అతని మోకాలికే తగిలింది.

ట్రాన్స్‌ఫార్మర్ కాలి అయిదు రోజులు. మూడెకరాల సీడు పత్తి, కంపెనీకి విత్తనాల కోసం వేసింది. కూలీలు పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగు చేసిన పత్తి. ఇప్పుడు నీళ్లు లేక పిందె రాలుస్తోంది. పక్కన కాలువ నిండుగా పారుతోంది, ఎక్కించే మోటారుకు కరెంటే లేదు. రేపటికి తడి అందకపోతే ఈ ఏటికి అంతే సంగతులు.

అందుకే షెడ్డులో మూలబడ్డ నాయిన కాలం నాటి పెట్రోలు ట్రాక్టరును కాలువ గట్టుకు లాక్కొచ్చి, దానికి పంపు బెల్టు తగిలించాడు.

స్పార్కు పుట్టించే మ్యాగ్నెటోను గద్వాల మెకానిక్కు నాగేశ్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి పోయాడు. పోయినవాడు పోయినట్టే. ఫోను స్విచాఫ్.

"మ్యాగ్నెటో తప్పు రౌండుల కూసుంది బిడ్డా."

మహిపాల్ తల తిప్పాడు. గట్టు మీద ఎవరో ముసలాయన. చంకలో బట్టల సంచి, మోకాళ్ల దాకా దుమ్ము.

మహిపాల్‌కు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి దారిన పోయే ప్రతివాడూ ఒక సలహా పారేసి పోతున్నాడు. పాలాయన పెట్రోల్లో నీళ్లు కలిశాయన్నాడు. పంతులుగారు దిష్టి తగిలిందన్నారు. యూట్యూబులో ఒకాయన అసలు సంగతికి వచ్చేసరికి సిగ్నల్ పోయింది. ఇప్పుడు ఈయనొకడు తక్కువయ్యాడు.

"నువ్వు మెకానిక్కువా?"

"కాదు."

"డ్రైవర్‌వా?"

"కాదు. జర పక్కకు జరుగు, చూస్త."

ముసలాయన సంచి కింద పెట్టి ఇంజను మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి! ఇది ఎవలి బండో ఎర్కేనా? యాదయ్య బండి. మా నాయిన కండ్లు మూస్కొని స్పార్కుకు టైమింగు పెట్టేటోడు. ఇటిక్యాల చుట్టూ పది ఊర్ల ఇంజన్లకు ఆయననే పెట్టిండు. సచ్చిపోయి ఆరేండ్లాయె, ఇప్పటికీ యాదయ్య టైమింగు అంటరు. ఆయన బండికే వంక పెడ్తవా?"

ముసలాయన చెయ్యి తీసేశాడు. ఏదో అనబోయి మింగేశాడు.

"మీ నాయినకు వంక పెట్టలే. బిగించినోనికి పెట్టిన. పిస్టన్ రెండుసార్లు పైకి వస్తది. ఒకసారి గాలి తంతది, ఇంకోసారి ఉత్తగనే వస్తది. మీవోడు ఉత్తగ వచ్చినప్పుడు బిగించిండు. మొదటి ప్లగ్గు తీసి ఆ బొక్కల గుడ్డపీలిక కుక్కు. చిన్నగ తిప్పు. గాలి ఆ గుడ్డను ఎగరగొట్టినంక చక్రం మీది గీతను గుర్తు కాడికి తెచ్చి ఆపు. అప్పుడు..."

"అయిందా? నా పంట ఎండుతుంటే నీ పురాణం వినాల్నా? పనిపాట లేకుంటే పోయి నీడకు కూసో. ఇక్కడికెల్లి నడువు ముందు!"

ముసలాయన సంచి అందుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"అప్పుడు మ్యాగ్నెటోను విప్పి చేత్తో తిప్పి, ఒకటో వైరు కాడ టక్‌మన్నప్పుడు బిగియ్యి" అని, మొదలుపెట్టిన మాట పూర్తి చేసి మరీ వెళ్లిపోయాడు.

మహిపాల్ ఇంకో గంట హ్యాండిల్ తిప్పాడు. ఎడమవైపు మీసం కూడా కమిలింది.

తల వాల్చిన పత్తి చేను చూస్తే ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ప్లగ్గు విప్పి గుడ్డపీలిక కుక్కాడు.

చిన్నగా తిప్పాడు. గీత సరిగ్గా గుర్తు దగ్గరికి వచ్చింది. గుడ్డ కదల్లేదు. నాగేశ్ మహానుభావుడు ఆగింది ఇక్కడే.

ఇంకో రౌండు తిప్పాడు. గుడ్డ టప్పున ఎగిరి అతని చొక్కా మీద పడింది.

గీత దగ్గర ఆపాడు. మ్యాగ్నెటోను విప్పి, టక్‌మనేదాకా తిప్పి బిగించాడు. ప్లగ్గు మళ్లీ పెట్టి, భయంభయంగా హ్యాండిల్‌ను సగం తిప్పాడో లేదో, ఇంజను డుగడుగమని అందుకుంది. పంపు రెండుసార్లు దగ్గి, నీళ్లు కక్కింది.

కాలువలోని చల్లని నీళ్లు చేన్లోకి ఉరికాయి. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెంటనే సిగ్గు వేసింది. ఆ పెద్దాయన పేరైనా అడగలేదు. రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆయన ఎక్కిన బస్సు వెళ్లి చాలాసేపయిందని అక్కడి వాళ్లు చెప్పారు.

తిరిగి వచ్చేసరికి తల్లి గట్టు మీద సద్ది విప్పుతోంది. ఇద్దరికి సరిపడా అన్నం.

"ఏడిరా ఇస్రాయేలు?"

"ఇస్రాయేలు ఎవలే?"

"నిన్న నేనే ఫోన్ చేసి రమ్మన్న. నీకు చెప్తే మీదవడ్తవని చెప్పలే. పాపం, సోమశిలకెల్లి మూడు బస్సులు మారి వచ్చిండు. నువ్వు పుట్టకముందు మన ఇంట్ల జీతగాడుగ ఉండె."

మహిపాల్ మళ్లీ రోడ్డు వైపు చూశాడు.

"నాయిన కాడ పని నేర్చుకున్నోడా అమ్మా?"

తల్లి నీళ్లు పారుతున్న చేను వైపు చూసింది.

"మీ నాయినకు స్టీరింగు తిప్పుడు తప్ప ఏం రాకుండెరా. మాదిగోడు మా ఇంజన్ల చెయ్యి పెట్టుడేందని ఊర్లోళ్లు అంటరని, మీ నాయిన ముందల నిలవడుతుండె. పది ఊర్ల ఇంజన్లకూ టైమింగు పెట్టింది ఇస్రాయేలు."