పచ్చితోలు కంపు

ఆ రోజు నా చేతిలో ఉన్నవి రెండే: ఆర్నెల్ల కిందట పెట్టిన తోలు సంచుల షాపు, ఇరవై సంచులు కావాలని వచ్చిన పెద్దింటావిడ బేరం. ఆవిడ ఒక సంచిని నిమిరి చూస్తుండగా, తోళ్ళ కట్ట భుజాన వేసుకుని మా అన్నయ్య లోపలికి వచ్చాడు. పచ్చితోళ్ళు పదును చేయడం ఆయన పని. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనే.

"ఛీ, ఏంటీ కంపు! ఎవరతను?" ఆవిడ ముక్కు మూసుకుంది.

"సరుకు మోసే మనిషండీ," అన్నాను.

అన్నయ్య నావైపు ఒక్కసారి చూశాడు. "అవునమ్మా. వెనకనుంచి రమ్మని అయ్యగారు చెప్పినా మర్చిపోయాను," అంటూ వెనుదిరిగాడు.

నా అబద్ధాన్ని కూడా ఆయనే మోశాడు. నా మీద నాకే రోత పుట్టింది.

"ఆగన్నయ్యా! అమ్మా, ఈయన మా సొంత అన్న. మీ చేతిలో ఉన్న తోలు పదును చేసింది ఈయనే. నేను తిన్న ప్రతి ముద్దా ఆ కంపులోంచి వచ్చిందే."

ఆవిడ సంచిని బల్లమీద పడేసి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"బుద్ధుందట్రా నీకు? అంత బేరం కాలదన్నుకుంటావా?" అన్నాడు అన్నయ్య.

ఆ రోజు బోణీ కాలేదు. అన్నయ్య మాత్రం మొదటిసారి నా షాపులో కుర్చీ మీద కూర్చుని, సాయంత్రం దాకా నన్ను తిట్టాడు.