వెల్దుర్తి దారిలో దొరికిన వీరుడు

"ఆ రాయి మాది పంతులయ్యా. ఇచ్చెయ్, మోసుకుపోతా."

రాళ్లు కొట్టుకుని బతికే అంకమ్మ మ్యూజియం గుమ్మంలో నిలబడి అడిగింది. శివరామయ్య రాయికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

కారంపూడిలో ఆ చిన్న మ్యూజియానికి కార్యదర్శి, కాపలాదారు, ఊడ్చేవాడు అన్నీ ఆయనే. వానలు పడేలోగా కప్పు వేయించాలని సంతలో డబ్బా పట్టుకు తిరిగాడు. ఇంటింటికీ వెళ్లి దోసెడు జొన్నలడిగాడు. నాటకం వేయించి, ఆ వయసులో తనే ద్రౌపది వేషం కట్టాడు. ఎవరూ కరగలేదు. పది రోజుల కిందట వెల్దుర్తి దారి గట్టు మీద ఈ రాయి దొరికాకే జనం రావడం మొదలైంది. ఇంకాసేపట్లో పొగాకు వ్యాపారి వెంకటప్పయ్య వస్తాడు. రాయి నచ్చితే కప్పు మొత్తం ఆయనే వేయిస్తానన్నాడు.

"ఇది ఎనిమిది వందల ఏళ్లనాటి వీరుడి రాయి అంకమ్మా. చేతిలో కత్తి కనపడటంలా?"

"కత్తేంది? గరిటె! అది మా పిల్ల పోలి. ఇనప గరిటె పట్టుకునే పడుకునేది. అమ్మవారు పోసి చచ్చిపోతే గరిటెతోనే పూడ్చాం. మా ఆయన ఈ బొమ్మ చెక్కి పైన నిలబెట్టాడు. ఎనక చూడు, ఆయన గుర్తుంటది."

శివరామయ్య వెనక్కి వెళ్లి వంగి చూశాడు. మూలన చిన్న చేప బొమ్మ. అంకమ్మ మొగుడు కొట్టిచ్చిన తన ఇంటి రోలు మీదా అదే చేప. పల్నాట్లో చెక్కిన రాయి కనిపిస్తే చాలు, వీరుడు తప్ప ఇంకోటి తోచదు మనకి. చదువుకున్నవాడికి అసలే తోచదు.

"రాయి లేకపోతే పిల్ల యాడుందో నాకెట్టా తెలిసిద్ది? గట్టంతా ఒకే మాదిరుంది. చానా ఎతికా." అంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయనకు సిగ్గేసింది. "చోటు నాకు గుర్తుంది తల్లీ. తుమ్మచెట్టు పక్కన. వెంకటప్పయ్యగారు చూసి వెళ్లేదాకా ఆగు. సాయంత్రం నా చేతుల్తో నేనే అక్కడ పాతిపెడతా."

"ఒక్క పూటేగా," అంటూ అంకమ్మ కళ్లు తుడుచుకుని గోడ పక్కన కూర్చుంది.

వెంకటప్పయ్య బండి దిగాడు. రాయి చుట్టూ తిరిగి దణ్ణం పెట్టాడు.

"ఏం వీరుడండీ! కప్పు సంగతి నాకొదిలెయ్యండి. రాయే ఇట్టా ఉంటే కింద ఇంకేముందోనని, మొన్న మీరు చెప్పిన తుమ్మచెట్టు దగ్గరికి పొద్దున్నే మా మనుషుల్ని పంపా. గట్టంతా తవ్వేశారు. సన్న ఎముకలేవో వస్తే నాగులేట్లో కలిపేయించా."

అంకమ్మ గోడ పట్టుకుని లేచింది.

"మన కష్టం ఊరికే పోలేదు లెండి. వీరుడి కత్తి ముక్క దొరికింది," అంటూ వెంకటప్పయ్య పైపంచె మడత విప్పి, తుప్పు పట్టిన చిన్న గరిటెను బల్ల మీద పెట్టాడు.